అంతర్బలానికి ప్రామాణ్యం ఎక్కడ?

చీనా దేశపు యుద్ధకళలలో ‘అంతర్బల’ సాధన అనేది ఒకటి ఉన్నది. కండరాల బిగువుపై గాక శ్వాసపై, మనస్సుపై, శరీరావయవాల సూక్ష్మ సమన్వయంపై ఆధారపడే సాధన అది. నాభికి దిగువన ‘దాన్‌తియాన్’ అనే స్థానంలో ‘చీ’ అనే ప్రాణశక్తిని నిలిపి, సంకల్పంతో దానిని కరాగ్రం వరకు నడిపి, ప్రత్యర్థిని అనాయాసంగా విసిరివేయవచ్చునని ఆ సంప్రదాయంలో పలువురి విశ్వాసం. ప్రాణమయకోశాన్ని గురించి విన్నవారికి ఈ మాటలు కొత్తగా తోచవు. ఈ సాధన యుద్ధంలో నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్న పైకి మల్లయోధులకు మాత్రమే సంబంధించినదిగా కనిపిస్తుంది. కాని ఒక సాధకుని జీవితంలో అది శ్రద్ధకు, గురుభక్తికి, సత్యనిష్ఠకు సంబంధించిన ప్రశ్నగా పరిణమించింది.

సింగపూరులో స్థిరపడిన ఆ తెలుగు సాధకుడు పదకొండు సంవత్సరాలుగా ఒక వృద్ధ చీనా గురువు సన్నిధిలో తైజీ విద్యను అభ్యసిస్తున్నాడు. సూర్యోదయానికి ముందే ఇంటి సమీపంలోని ఉద్యానవనానికి వెళ్ళి, మోకాళ్ళు కొద్దిగా వంచి, చేతులతో ఒక వృక్షాన్ని ఆలింగనం చేసుకున్నట్లు నిలబడేవాడు. ‘ఝాన్ ఝువాంగ్’ అనే ఈ నిశ్చలస్థితి నలభై నిమిషాలు సాగేది. సాయంకాలం ‘తుయ్‌షౌ’ అభ్యాసం. అందులో ఇద్దరు ముంజేతులు తాకించుకొని ఎదుటివాని సమతను గ్రహించి చలింపజేయాలి. గురువు అరచేయి తాకించగానే శిష్యులు నాలుగైదు అడుగులు వెనుకకు ఎగిరిపడేవారు. సాధకుడు కూడా ఎన్నోసార్లు అట్లే ఎగిరిపడ్డాడు. అది అతనికి వినికిడి కాదు, ప్రత్యక్షానుభవం. కనుక సంశయానికి అవకాశమే లేదనుకున్నాడు.

ఒక ఆదివారం అతని అన్నగారి కుమారుడు ఇంటికి వచ్చాడు. ఆ యువకుడు అక్కడే విశ్వవిద్యాలయంలో చదువుతూ జూడో నేర్చుకుంటున్నవాడు. మాటల మధ్య అంతర్బల ప్రసక్తి వచ్చింది. గదిలో చాప, దానిపై పరుపు పరిచారు. ‘ఏదీ, నన్ను పట్టుకుని పడవేయి చూద్దాం’ అన్నాడు సాధకుడు. యువకుడు చొక్కా పట్టుకున్నాడు. సాధకుడు నడుము సడలించి, బరువును పాదాలలోకి దించి, మెల్లగా త్రోశాడు. యువకుడు మూడడుగులు వెనుకకు వెళ్ళాడు. సాధకుని ముఖం వికసించింది. యువకుడు మాత్రం తలదించుకొని, ‘బాబాయ్, నేను గట్టిగా పట్టుకోలేదు. మీరు పెద్దవారు కదా’ అన్నాడు.

‘మొహమాటం వద్దురా. పోటీలో పట్టినట్లే పట్టు.’

రెండవసారి ఏమి జరిగిందో సాధకునికి స్పష్టంగా తెలియలేదు. మెడవద్ద, మోచేతివద్ద పట్టు బిగిసింది. కాలు నేలను విడిచింది. మరుక్షణం అతడు వెల్లకిల పడి పైకప్పును చూస్తున్నాడు. మూడవసారీ అంతే, నాలుగవసారీ అంతే. ప్రతిసారీ యువకుడు అతని తల నేలకు తగలకుండా చేయి పట్టుకొని జాగ్రత్తగా దించాడు. ఓటమికన్నా ఆ జాగ్రత్తయే సాధకుని ఎక్కువగా బాధించింది.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. పదకొండు సంవత్సరాల ఉషఃకాలాలు వ్యర్థమైనవా? గురువు వంచకుడా? ఆ మాట మనస్సులో మెదలడమే అతనికి పాపంగా తోచింది. పోనీ, లోపం తన సాధనలోనే ఉన్నదా? ఈ చివరి సమాధానం వినయపూర్వకమైనది కనుక ఊరటనిచ్చేది. కాని అందులో ఒక చిక్కు ఉన్నది. ఫలం కనబడినప్పుడెల్లా శక్తి నిజమని, కనబడనప్పుడెల్లా సాధన చాలలేదని చెప్పుకుంటూ పోతే, ఆ విశ్వాసాన్ని పరీక్షించే అవకాశం ఏనాటికీ ఉండదు.

అతడు పూర్వం కొంత తర్కశాస్త్రం చదివినవాడు. జ్ఞానానికి ప్రామాణ్యం ఎట్లా సిద్ధిస్తుందన్న విషయంలో మన దర్శనాల మధ్య దీర్ఘమైన వాదం ఉన్నది. జ్ఞానం స్వతఃప్రమాణమని, బాధకజ్ఞానం కలిగేవరకు దానిని సత్యంగానే గ్రహించాలని మీమాంసకులు అంటారు. ప్రామాణ్యం పరతః నిశ్చయమవుతుందని, ప్రవృత్తి సఫలమైనప్పుడే తొలి జ్ఞానం యథార్థమని తెలుస్తుందని నైయాయికుల పక్షం. దూరాన జలం కనిపించింది. వెళ్ళి త్రాగితే దాహం తీరింది. కనుక అది జలమే, ఎండమావి కాదు. వాత్స్యాయనుడు న్యాయభాష్యాన్ని ప్రారంభించినది ఈ ప్రవృత్తి సామర్థ్య విచారంతోనే. సాధకుని విషయంలో ఈ రెండు మతాలూ ఒకే చోటికి చేరుకున్నాయి. పదకొండు సంవత్సరాలు బాధకం లేకపోయింది గనుక విశ్వాసం నిలిచింది. ఆ ఆదివారం బాధకం కలిగింది. జలమనుకున్న చోటికి వెళ్ళి దోసిలి పట్టగా చేతికి ఇసుక తగిలింది.

ఇంతకన్నా సూక్ష్మమైన విషయం మరొకటి ఉన్నది. ‘ఎక్కడెక్కడ ధూమమో అక్కడక్కడ అగ్ని’ అనేది నిర్దుష్టమైన వ్యాప్తి. ‘ఎక్కడెక్కడ అగ్నియో అక్కడక్కడ ధూమం’ అన్నది మాత్రం నిలువదు. అగ్ని ఉన్నంతమాత్రాన పొగ రాదు, కట్టె తడిదై ఉండాలి. ఆ తడికట్టెల సంబంధాన్నే తార్కికులు ఉపాధి అంటారు. ‘గురువు చేయి ఎక్కడ తాకుతుందో అక్కడ మనిషి ఎగిరిపడతాడు’ అన్న వ్యాప్తిని సాధకుడు వేలసార్లు చూశాడు. అయితే తాకించుకున్నవారందరూ శిష్యులే. ఇక్కడ శిష్యత్వమే ఉపాధి. మొదటిసారి యువకుడు మూడడుగులు వెనుకకు వెళ్ళినప్పుడు కూడా ఉన్నది ఆ ఉపాధియే, పేరు మాత్రం బాబాయి యందు గౌరవం. ఆ గౌరవం తొలగిన మరుక్షణం వ్యాప్తి భగ్నమైంది.

ఈ దృష్టితో అతడు ఆ విద్యల చరిత్రను తిరిగి చదవడం ప్రారంభించాడు. అంతర, బాహ్య విభాగం కనబడే ప్రసిద్ధమైన తొలి రచన 1669 నాటిది. హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు వాంగ్ ఝెంగ్‌నాన్ అనే యోధునికి వ్రాసిన సమాధిలేఖ అది. షావోలిన్ విద్య బాహ్యమని, నిశ్చలతతో చలనాన్ని జయించేది అంతర విద్య అని, దానికి మూలపురుషుడు తావో యోగి ఝాంగ్ సాన్‌ఫెంగ్ అని అందులో ఉన్నది. 1644లో మింగ్ రాజ్యం పతనమై మంచూలు దేశాన్ని ఆక్రమించిన కాలమది. హువాంగ్ మింగ్ పక్షపాతి. ‘అంతర’ శబ్దంలో స్వదేశాభిమానం ధ్వనిస్తున్నదని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఏమైనా, ఆ లేఖలో కీర్తింపబడిన వాంగ్ కేవలం ధ్యానపరుడు కాదు. మంచూలకు ప్రతిఘటనగా సైన్యంలో పనిచేసినవాడు.

నేడు అంతర విద్యలుగా చెప్పబడే తైజీ, షింగ్యీ, బాగ్వా మూడింటినీ ఒకే తత్త్వసూత్రంతో కూర్చి గ్రంథాలు వ్రాసినవారిలో ప్రముఖుడు సున్ లూతాంగ్ (1860–1933). ఆయన షింగ్యీ గ్రంథం 1915లో వెలువడింది. అంతకుముందు తరాలలో షాన్‌షీ, హెబెయ్ ప్రాంతాల షింగ్యీ వీరులలో కొందరు వర్తకుల ధనాన్ని, సరకులను దారిదోపిడీల నుండి కాపాడే రక్షకవృత్తిలో ఉండేవారు. దారిలో అడ్డగించిన దొంగకు శిష్యభావం ఉండదు. గౌరవంతో వెనుకకు ఎగిరిపడడు. ఉపాధిరహితమైన పరీక్ష వారికి జీవనోపాధిలోనే లభించింది. వారి నిలుకడ సాధనకు అర్థం కల్పించినది ఆ పరీక్షయే.

దీనికి విపరీతమైన ఉదాహరణ 1900 సంవత్సరంలో కనిపిస్తుంది. విదేశీయులపై తిరుగుబాటు చేసిన యీహెతువాన్ దళాలలో మంత్రతంత్రాలతో, దేవతావేశంతో తమ శరీరాలు తుపాకి గుండ్లకు అభేద్యమవుతాయన్న నమ్మకం ప్రబలింది. ఆ నమ్మకంతో ఎదురువెళ్ళిన గ్రామీణ యువకులు గుండ్లకు నేలకొరిగారు. వారి దేశభక్తిని, ధైర్యాన్ని ఎవరూ శంకించలేరు. శ్రద్ధ ఎంత గాఢమైనదైనా సీసపు గుండు స్వభావాన్ని మార్చలేదు.

ఆ తరువాతి కాలంలో చీనావారు స్వయంగా పరీక్షకు పూనుకున్నారు. 1928లో నాన్‌జింగ్‌లో జాతీయ యుద్ధకళల సంస్థ ఏర్పడి, అదే సంవత్సరం జాతీయ పరీక్షలు జరిపింది. 1929లో హాంగ్‌ఝౌలో బహిరంగ వేదికపై పోటీలు జరిగాయి. సంస్థలో మొదట షావోలిన్, వూదాంగ్ అని బాహ్య, అంతర శాఖలు రెండు ఉండేవి. వాటి మధ్య కలహం పెరిగి ఆ విభాగాన్నే త్వరలో రద్దు చేయవలసి వచ్చింది.

సాధకుని మనస్సును అన్నిటికన్నా ఎక్కువగా ఆకర్షించినది 1954 జనవరి 17న మకావులో జరిగిన ద్వంద్వం. దానికి పూర్వరంగం ఒక విషాదం. 1953 క్రిస్మస్ రాత్రి హాంగ్‌కాంగ్‌లోని షెక్ కిప్ మే గుడిసెలు అగ్నికి ఆహుతియై యాభై వేలకు పైగా ప్రజలు నిరాశ్రయులయ్యారు. వారి సహాయార్థం నిధి సేకరణకై తైజీ ఆచార్యుడు వు గోంగ్‌యీ, శ్వేతక్రౌంచ సంప్రదాయానికి చెందిన చాన్ హాక్‌ఫు తలపడ్డారు. మొదటివాని వయస్సు యాభై దాటినది, రెండవవాడు యువకుడు. వు గోంగ్‌యీ తాత యాంగ్ లూచాన్ (1799–1872) పరంపరలో విద్య నేర్చినవాడు. హెనాన్‌లోని చెన్ గ్రామం నుండి తైజీని తెచ్చి బీజింగ్‌లో వ్యాపింపజేసినవాడు ఆ యాంగ్. అంతటి వంశపరంపర గల విద్య జనసముద్రం ఎదుట వేదిక ఎక్కింది.

ఆ ద్వంద్వపు చలనచిత్రం నేటికీ లభ్యమవుతున్నది. చూసినవారికి తొలుత నిరాశయే కలుగుతుంది. మందగమనంతో సాగే తైజీ భంగిమలు అందులో లేవు. స్పర్శమాత్రంతో ఎగిరిపడడం లేదు. చేతులు విసురుగా తిరుగుతాయి, ముక్కునుండి రక్తం కారుతుంది, తన్నులు పడతాయి. రెండవ ఆవృత్తిలోనే నిర్ణేతలు పోటీ ఆపివేసి, జయం లేదు, అపజయం లేదు, సమం కూడా కాదని ప్రకటించారు. అయితే సాధకుడు ఆ చిత్రాన్ని పదే పదే చూసిన మీదట మరొకటి గమనించాడు. యాభై దాటిన ఒక ఆచార్యుడు తనకన్నా ఎంతో చిన్నవాడు, బలిష్ఠుడు అయిన యోధుని ఎదుట కూలిపోలేదు, వెనుదిరగలేదు, దెబ్బ తిన్నాడు, దెబ్బ కొట్టాడు. అద్భుతం జరగలేదన్నది నిజమే. సాధన శూన్యమని కూడా రుజువు కాలేదు.

ఇటీవలి పరీక్షలు ఇంతకన్నా కఠినమైనవి. 2017 ఏప్రిల్‌లో చెంగ్‌దూ నగరంలో మిశ్రయుద్ధక్రీడకు చెందిన షూ షియావోదోంగ్, తైజీ ఆచార్యుడని ప్రసిద్ధికెక్కిన వెయ్ లెయ్‌ను అర నిమిషమైనా గడవకముందే పడవేశాడు. 2020 మే నెలలో 69 సంవత్సరాల మా బావోగువో వేదికపై సుమారు అర నిమిషంలో మూడుసార్లు నేలకూలాడు. లోకం నవ్వింది. సాధకుడు నవ్వలేకపోయాడు. తన ఇంటి చాపపై వెల్లకిల పడి చూసిన పైకప్పు అతనికి జ్ఞాపకం వచ్చింది. శిష్యత్వమనే ఉపాధి మధ్యనే దశాబ్దాలు గడిపినవారు దానిని దాటి ఒక్కసారిగా బయటికి వచ్చినప్పుడు జరిగేది అదే.

మరి అంతర్బలం పూర్తిగా మిథ్యయేనా? ఇక్కడ తొందరపడరాదు. ‘చీ’ అనే పదాన్ని పక్కన పెట్టి, ఆ సాధన శరీరంలో ఏమి చేస్తున్నదో చూడాలి. ‘సోంగ్’ అనే సడలింపు వలన, ఒక కండరం నెట్టుతుండగా దానికి వ్యతిరేకమైన కండరం అనవసరంగా బిగిసి శక్తిని హరించడం తగ్గుతుంది. పాదం నేలను నొక్కగా నేల తిరిగి ఇచ్చే బలం పిరుదులు, వెన్ను, భుజం మీదుగా చేతికి అందుతుంది. ‘జిన్’ అని వారు పిలిచే శిక్షిత బలం ఇదే. 1964లో లాంగ్ బీచ్‌లో బ్రూస్ లీ ఒక అంగుళం దూరం నుండి చేసిన ముష్టిఘాతంలోనూ, నేటి ముష్టియోధుల దెబ్బలోనూ ఉన్నది ఈ సమన్వయమే. తుయ్‌షౌ వలన చర్మస్పర్శతోనే ఎదుటివాని బరువు ఎటు ఒరుగుతున్నదో తెలుస్తుంది. పట్టులోకి దిగినప్పుడు ఈ జ్ఞానం అమూల్యం. సమస్థితిని పెంచే గుణానికి వైద్యశాస్త్రపు సాక్ష్యమూ ఉన్నది. 195 మంది పార్కిన్సన్ రోగులపై జరిపి 2012లో ప్రకటించిన అధ్యయనంలో, వారానికి రెండుసార్లు ఇరవైనాలుగు వారాలు తైజీ చేసినవారికి నిలుకడ మెరుగై పడిపోవడం తగ్గింది.

అంతర సాధన ఇవ్వనివి కూడా ఉన్నవి. దూరాన్ని అంచనా వేయడం, అదను గ్రహించడం, ముఖంపై దెబ్బ పడినప్పుడు చిత్తం చెదరకుండా నిలవడం, భయంలోనూ ఆయాసంలోనూ సడలింపును పోగొట్టుకోకుండడం: ఇవి చెట్టును కౌగిలించినట్లు నిలబడితే రావు. ఎదిరించే మనిషితో తలపడితేనే వస్తాయి. వాంగ్ షియాంగ్‌ఝాయ్ (1885–1963) దీనిని గుర్తించినవాడు. నియత భంగిమల వరుసలను త్రోసిపుచ్చి, ‘యీచువాన్’ అనే తన పద్ధతిలో నిశ్చలస్థితినే పునాదిగా పెట్టుకున్నాడు. అయినా అక్కడ ఆగక, శక్తిని పరీక్షించుకునే అభ్యాసాన్ని, ద్వంద్వాన్ని సాధనలో అంగాలుగా ఉంచాడు. మన తాలింఖానాలలో తెలిసిన విషయమూ ఇదే. దండీలు, బైఠకులు, గదాభ్యాసం ఎన్ని చేసినా గోదాలో దిగి జోరు పట్టనివానిని ఎవరూ పహిల్వాన్ అనరు. ఆంజనేయునికి నమస్కరించి మట్టిలో దిగిన తరువాత తోటివాడు భక్తిని చూసి పట్టు వదలడు.

ఇంత విచారం చేసిన తరువాత సాధకుడు గురువు వద్దకు వెళ్ళాడు. అభ్యాసం ముగిసి అందరూ వెళ్ళిపోయేవరకు వేచి ఉన్నాడు. జరిగినదంతా చెప్పి, ‘సీఫూ, ఒక్కసారి నన్ను త్రోయండి. ఈసారి నేను సహకరించను. అపచారమైతే క్షమించండి’ అన్నాడు. వృద్ధుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అతని ఛాతీపై చేయి పెట్టారు. సాధకుడు ఒక అడుగు వెనుకకు తూలాడు, నిలదొక్కుకున్నాడు. ఎగిరిపడలేదు. అయితే ఆ ఒక అడుగు నిజమైనది. ఎనభైకి చేరువైన దేహం నుండి, కండరాల బిగువు లేకుండా వచ్చిన ఆ త్రోపును అతడు పాదాలవరకు స్పష్టంగా అనుభవించాడు.

గురువు రాతి అరుగుపై కూర్చున్నారు. ‘నాలో ఉన్నది ఇంతే. మిగిలిన నాలుగడుగులూ మీరు నాకు ఇచ్చినవి. యౌవనంలో నేను ఇతర శాలలవారితో తలపడేవాడిని, ఓడేవాడిని. పేరు వచ్చిన తరువాత మానివేశాను. మీరందరూ ఎగిరిపడుతుంటే క్రమంగా నాకే నమ్మకం కలిగింది’ అన్నారు. ఆయన గొంతులో సిగ్గు ఉన్నది, ఏదో బరువు దిగిన ఊరట కూడా ఉన్నది.

సాధకునికి త్రాడును చూసి పామనుకొనే అధ్యాస దృష్టాంతం జ్ఞాపకం వచ్చింది. వేదాంతపాఠాలలో ఆ దృష్టాంతంలో భ్రమించేవాడు ఒక్కడే. ఇక్కడ భ్రమ పరస్పరమైనది. శిష్యులు గురువుపై సిద్ధిని ఆరోపించారు. ఆ ఆరోపాన్ని గురువు తన స్వరూపంగా స్వీకరించారు. ఎవరూ ఎవరినీ వంచించలేదు. ప్రేమయే సహకారమైంది, సహకారమే ప్రమాణంగా చలామణి అయింది. యోగసూత్రాలలో విభూతిపాదం గజబలం వంటి సిద్ధులను వర్ణించి, అదే పాదంలో అటువంటివి సమాధికి అంతరాయాలని హెచ్చరించడంలో ఎంత దూరదృష్టి ఉన్నదో అతనికి అప్పుడు అర్థమైంది. నిజంగా కలిగిన సిద్ధియే అంతరాయమైనప్పుడు, కలిగినట్లు తోచిన సిద్ధి సంగతి చెప్పనక్కరలేదు. ఏ ఆశ్రమంలోనైనా, ఏ సత్సంగంలోనైనా, తన ఎదుట అందరూ తలవంచేవారే అయినప్పుడు తన శాంతి నిజమైనదో కాదో సాధకుడు తెలుసుకోవడం కష్టం. ఆ శాంతిని గౌరవించనివాని ఎదుట, ఇంటిలో, కార్యాలయంలో, అవమానం కలిగిన క్షణంలో అది నిలుస్తుందా అన్నదే దానికి ప్రవృత్తి సామర్థ్యం.

అతడు గురువును విడువలేదు, సాధననూ విడువలేదు. నేటికీ తెల్లవారుజామున నలభై నిమిషాలు నిలబడతాడు. శనివారం సాయంత్రం అన్నకుమారునితో కలిసి జూడో శాలకు వెళ్ళి, తనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవారి చేతిలో పడుతూ లేస్తూ ఉంటాడు. నిలుకడ అక్కడ పనికివస్తున్నది. మొదటి నెలలో పట్టు బిగిసిన మరుక్షణమే పడేవాడు. ఇప్పుడు పట్టు బిగియకముందే ఎదుటివాని బరువు ఎటు కదులుతున్నదో కొన్నిసార్లు తెలుస్తున్నది, ఆ కొన్నిసార్లు పడడం లేదు.

గురువు ఒకనాడు ఆ శాలకు వచ్చి గోడవారగా కూర్చొని చూశారు. మరునాడు ఉద్యానవనంలో తుయ్‌షౌ ఆరంభించే ముందు శిష్యులందరితో, ‘ఈ రోజు నుండి నేను త్రోసినప్పుడు ఎవరూ నాకు సహాయం చేయవద్దు’ అన్నారు. ఆనాడు ఎవరూ ఎగిరిపడలేదు. కొందరు ఒక అడుగు వేశారు, కొందరు వేయలేదు. అభ్యాసం ఎప్పటికన్నా ఎక్కువసేపు సాగింది.